కోపమొచ్చిన ముచ్చట చెప్పమన్న సారు

హనుమకొండ నయీంనగర్‌లో సాయంత్రం ఆరు దాటాక ఏ స్పోకెన్ ఇంగ్లిష్ క్లాసు మెట్లెక్కినా దాదాపు ఒకే దృశ్యం కనిపిస్తుంది. ములుగు దిక్కు నుంచో పరకాల దిక్కు నుంచో బస్సు పాసు మీద వచ్చి చదువుకునే డిగ్రీ కుర్రాడు బోర్డు ముందు నిలబడతాడు. "మైసెల్ఫ్" అని మొదలుపెట్టి పేరు, ఊరు, నాన్న చేసే పని, హాబీలు వరసగా అప్పజెబుతాడు. నాలుగో వాక్యం దగ్గర మాట తెగుతుంది. కుడి చెయ్యి చొక్కా అంచును మెలిపెడుతూ ఉంటుంది. వెనక బెంచీ నుంచి చిన్న నవ్వు వినిపిస్తుంది. కుర్రాడు వచ్చి కూర్చుంటాడు. ఇక మిగిలిన గంటంతా సారుదే. ఆత్మవిశ్వాసం గురించి, గెలుపు గురించి, గట్టిగా అనుకుంటే ఏదైనా సాధించవచ్చన్న దాని గురించి ఆయన చెబుతూ పోతాడు.

ఆ గదుల గోడల మీద రాసి ఉండే సూత్రాలు కూడా ఇంచుమించు ఒకటే. చిరునవ్వుతో పలకరించు. ఎదుటివారిని పేరు పెట్టి పిలువు. వాదన పెట్టుకోకు. నేరుగా తప్పు పట్టకు. వీటి మూలం 1936లో న్యూయార్క్‌లో అచ్చయిన ఒక పుస్తకం. రాసింది డేల్ కార్నెగీ. వ్యక్తిత్వ వికాసం పేరుతో ఇవాళ ప్రపంచమంతా నడుస్తున్న పుస్తకాలకు, ఉపన్యాసాలకు, శిక్షణ తరగతులకు చాలావరకు దారి వేసింది ఆయనే. అయితే వరంగల్ దాకా వచ్చింది ఆయనలో సగమే. ఆ పుస్తకానికి 24 ఏళ్ల ముందు ఒక రాత్రి బడిలో, భయంతో బిగుసుకుపోయిన మనుషుల చేత ఆయన మాట్లాడించిన పద్ధతి ఒకటుంది. నయీంనగర్ కుర్రాడికి అక్కరకొచ్చేది అదే. గోడ మీద మాత్రం అది కనిపించదు.

కార్నెగీ పల్లెటూరి మనిషి. పుస్తకాల అట్టల మీద సూటు వేసుకున్న ఫొటో చూస్తే ఈ సంగతి తోచదు. 1888 నవంబరు 24న అమెరికాలోని మిస్సోరీ రాష్ట్రంలో, మేరీవిల్ దగ్గర ఒక పేద రైతు ఇంట్లో పుట్టాడు. పొలం పక్కన పారే నది పేరు నూటరెండు. దాదాపు ఏటా ఆ నది పొంగి మక్క చేలను, గడ్డిని ముంచేసేది. వరద రాని ఏడాది పందులకు రోగం తగిలేది, చచ్చినవాటిని తగలబెట్టేవాళ్లు. అప్పు పెరిగింది. భూమి జప్తు చేస్తామని మేరీవిల్ బ్యాంకు ఆయన బెదిరించిన రోజు, తండ్రి ఇంటికి తిరిగొస్తూ నూటరెండు నది వంతెన మీద బండి ఆపి, చాలాసేపు కింద నీళ్లను చూస్తూ నిలబడ్డాడు. దూకుదామా వద్దా అని ఆలోచించానని ఎన్నో ఏళ్ల తర్వాత కొడుకుతో చెప్పుకున్నాడు. దేవుణ్ణి నమ్ముకున్న భార్య ధైర్యమే తనను ఆపిందట. వరంగల్ జిల్లాలో పత్తి వేసిన ఇళ్లలో పుట్టినవాళ్లకు ఈ వంతెన గురించి విడమరిచి చెప్పనక్కరలేదు.

1904లో ఆ కుటుంబం వారెన్స్‌బర్గ్ అనే ఊరి దగ్గరికి మారింది. అక్కడ టీచర్లను తయారుచేసే సర్కారు కాలేజీ ఉంది. ఊళ్లో ఉండి చదవాలంటే రోజుకు ఒక డాలరు కావాలి. అది లేక కార్నెగీ రోజూ గుర్రమెక్కి వచ్చిపోయేవాడు. పొట్టి ప్యాంటు, బిగుతు కోటు. ఆ బట్టల్లో నలుగురి ముందుకు వెళ్లడానికి సిగ్గుపడేవాడు. ఆటల్లో రాణించే ఒళ్లు కాదు కాబట్టి, పేరు తెచ్చుకోవడానికి మిగిలింది ఉపన్యాస పోటీలే అనుకున్నాడు. గుర్రం మీద పోతూ ప్రాక్టీసు చేశాడు, పాలు పితుకుతూ చేశాడు, కొట్టంలో గడ్డిమోపు ఎక్కి పావురాలకు ఉపన్యాసాలు చెప్పాడు. అయినా పోటీ తర్వాత పోటీ ఓడిపోయాడు. పద్దెనిమిదేళ్ల వయసులో చచ్చిపోదామన్నంత దిగులు పడ్డాడు. ఆ తర్వాతే గెలవడం మొదలైంది, ఇక కాలేజీలో ఏ పోటీ పెట్టినా అతనిదే. లాటిన్ గట్టెక్కక 1908లో డిగ్రీ లేకుండానే బయటపడ్డాడు.

తర్వాతి నాలుగేళ్లు త్వరగానే చెప్పుకోవచ్చు. కరస్పాండెన్స్ కోర్సులు అమ్మబోతే అమ్ముడుపోలేదు. ఒమాహాలోని ఆర్మర్ కంపెనీ తరఫున మాంసం, సబ్బులు, కొవ్వు అమ్మి మంచి సేల్స్‌మన్ అనిపించుకున్నాడు. 1911లో నటుడవుదామని న్యూయార్క్ వెళ్లాడు, ఒక నాటకంలో ఊరూరా తిరిగి ఆ ఆశ వదులుకున్నాడు. చివరికి ప్యాకార్డ్ లారీలు అమ్మే పని దొరికింది. ఆ పనంటే అసహ్యం. అద్దె గదిలో గోడకు వేలాడే టైల కట్టలో ఒకటి అందుకోబోతే బొద్దింకలు చెదిరి పరుగెత్తేవి. ఏళ్ల తర్వాత కూడా ఆయన ఈ బొద్దింకలను మరిచిపోకుండా రాసుకున్నాడు.

కాలేజీలో నేర్చుకున్న దాంట్లో ఏది పనికొచ్చిందని అప్పుడు తనను తాను అడిగి చూసుకున్నాడు. నలుగురిలో నిలబడి మాట్లాడటం ఒక్కటే అని తేలింది. న్యూయార్క్ హార్లెమ్‌లో 125వ వీధిలోని వైఎంసీఏ (క్రైస్తవ యువజన సంఘం) వాళ్ల దగ్గరికి వెళ్లి రాత్రి క్లాసు చెబుతానన్నాడు. రాత్రికి 2 డాలర్లు ఇమ్మంటే, అంత ఇవ్వలేమన్నారు. వచ్చిన ఫీజులో కమీషన్ మీద ఒప్పుకున్నాడు. 1912 అక్టోబరు 22న మొదటి క్లాసు. వచ్చినవాళ్లు సేల్స్‌మన్లు, గుమాస్తాలు, చిన్న వ్యాపారులు. కార్నెగీ తనకు తెలిసిందంతా చెప్పేశాడు. ఇంకా టైం మిగిలే ఉంది. చెప్పడానికి ఏమీ లేదు. తోచక, ఒక్కొక్కరినీ లేచి తమకు కోపం తెప్పించిన సంగతి ఏదైనా చెప్పమన్నాడు.

వాళ్లు మాట్లాడారు. అప్పటిదాకా లేచి నిలబడటానికే వణికిన మనుషులు భయం మరిచి మాట్లాడారు.

ఆయన జీవితంలో అన్నిటికంటే విలువైన నిమిషం ఇదే. ఆ రాత్రి వాళ్లకు ధైర్యం గురించి ఎవరూ పాఠం చెప్పలేదు. చెప్పాలనిపించిన సంగతి కడుపులో ఉంది, అది చెప్పడానికి చోటు దొరికింది, అంతే. మాట్లాడాలంటే భయం పోవాలని అందరూ అనుకుంటారు. మాట్లాడుతుంటేనే భయం పోతుందని కార్నెగీకి ఆ గదిలో తెలిసొచ్చింది. తర్వాత నలభై ఏళ్లకు పైగా నడిపిన తరగతుల్లో ఆయన ఈ ఒక్క నియమం వదల్లేదు: ప్రతి క్లాసులో ప్రతి ఒక్కరూ లేచి మాట్లాడాలి, తమ బతుకులో జరిగినదాన్నే మాట్లాడాలి.

ఇప్పుడు మళ్లీ నయీంనగర్ గదికి రావాలి. "మైసెల్ఫ్" దగ్గర ఆగిపోయిన కుర్రాడితో సారు ఇలా అన్నాడనుకుందాం: "ఇంగ్లిష్ తర్వాత చూద్దాంగానీ, నీకు ఈ నెలల బాగా కోపమొచ్చిన ముచ్చట ఒకటి చెప్పు. తెలుగులనే చెప్పు." కుర్రాడు ఒక నిమిషం నేల చూస్తాడు. ఆ తర్వాత వరంగల్ ఎనుమాముల పత్తి మార్కెట్ ముచ్చట బయటికొస్తుంది. "సార్, మా నాయిన పత్తి ఏసుకొని రాత్రే పోయిండు సార్. పొద్దుగాల మీటరు పెట్టి తేమ ఎక్కువున్నదన్నరు. సీసీఐ వాళ్లు తీస్కోం అన్నరు. బయటోళ్లు ఎంతంటె అంతకే ఇయ్యాల్సొచ్చింది. ఆటో కిరాయి ఎట్ల పోతది సార్, వాపసు తెస్తె?" సీసీఐ అంటే మద్దతు ధరకు పత్తి కొనే కేంద్ర ప్రభుత్వ సంస్థ. తేమ 8 శాతం లోపు ఉంటే పూర్తి మద్దతు ధర, 12 శాతం దాకా కోతతో కొంటారు, అది దాటితే కొనరు. ఈ అంకెలు అతనికి నోటికొచ్చు. తక్‌పట్టీ (అమ్మకం చీటీ) మీద ఏం రాశారో, కాంటా దగ్గర ఎవరేమన్నారో, నాన్న ఇంటికొచ్చి అన్నం తినకుండా ఎట్లా పడుకున్నాడో పది నిమిషాలు చెప్పగలడు. చొక్కా అంచు మీద ఉన్న చెయ్యి గాల్లోకి లేస్తుంది. ఈ కుర్రాడికి కమ్యూనికేషన్ స్కిల్స్ లేవని ఇంటర్వ్యూలో రాసేస్తారు.

ఆ వెనక బెంచీ నవ్వుకు తెలంగాణలో పెద్ద చరిత్రే ఉంది. 1921 నవంబరులో హైదరాబాద్‌లో జరిగిన సంఘ సంస్కరణ సభలో అల్లంపల్లి వెంకటరామారావు అనే వకీలు తెలుగులో మాట్లాడబోతే సభలోవాళ్లు గేలి చేశారు. ఉర్దూ, మరాఠీ, ఇంగ్లిష్ చెల్లిన ఆ సభలో తెలుగు చెల్లలేదు. ఆ అవమానం నుంచే ఆంధ్ర జనసంఘం పుట్టింది, తర్వాత ఆంధ్ర మహాసభగా ఎదిగింది. హనుమకొండలో రాజరాజ నరేంద్రాంధ్ర భాషా నిలయం అప్పటికే 1904 నుంచి ఉంది. వందేళ్లు గడిచాయి. నవ్వు ఇప్పుడు ఇంగ్లిష్ రానివాళ్ల మీదికి, ఇంగ్లిష్ వచ్చినా పల్లె యాస పోనివాళ్ల మీదికి మళ్లింది. మిస్సోరీ కుర్రాడు సిగ్గుపడింది బట్టలకు. ఇక్కడి కుర్రాడు సిగ్గుపడేది భాషకు. బట్టలు కొనుక్కుంటే మారతాయి, అమ్మ దగ్గర నేర్చుకున్న పలుకు అట్లా మారేది కాదు. ఆ పలుకే తక్కువదని రోజూ అనిపించే గదిలో ఆత్మవిశ్వాసం మీద ఎన్ని గంటలు చెప్పినా తలకెక్కదు.

ఈ గడ్డ మీదే కాళోజీ నారాయణరావు తన కవిత్వానికి 'నా గొడవ' అని పేరు పెట్టుకున్నారు. బడి పలుకుల భాష కాదు, పలుకుబడుల భాష కావాలన్నారు. ఆయన పుట్టినరోజు సెప్టెంబరు 9ని తెలంగాణ భాషా దినోత్సవంగా జరుపుతున్నారు. కాళోజీకీ కార్నెగీకీ ఒకరి గురించి ఒకరికి తెలియవలసిన అవసరమే రాలేదు, ఇద్దరి లోకాలూ వేరు. కానీ మనిషి నోట మాట ఎక్కడ పుడుతుందన్న దగ్గర ఇద్దరూ ఒకేచోట నిలబడ్డారు. గొడవ ఉన్నచోట గొంతు దానంతటదే లేస్తుంది.

చిక్కు ఏమిటంటే, 1912లో కోపాన్ని మాట్లాడించిన మనిషే 1936లో కోపాన్ని మింగమన్నాడు. 1934లో సైమన్ అండ్ షుస్టర్ ప్రచురణ సంస్థకు చెందిన లియాన్ షిమ్కిన్ ఆయన క్లాసుకు హాజరయ్యాడు. ఇందులో పుస్తకం ఉందని పట్టుబట్టి, ఉపన్యాసాలను షార్ట్‌హ్యాండ్‌లో రాయించాడు. అట్లా వచ్చింది "హౌ టు విన్ ఫ్రెండ్స్ అండ్ ఇన్‌ఫ్లుయెన్స్ పీపుల్". అమెరికా అప్పుడు మహా మాంద్యంలో ఉంది. ఉద్యోగం ఉన్నవాడికి అది పోతుందన్న భయం, లేనివాడికి దొరకదన్న భయం. పైవాడితో, కస్టమర్‌తో గొడవ పడకుండా పని జరుపుకునే ఉపాయం చెప్పే పుస్తకం ఆ భయంలోకి సూటిగా దిగింది. కార్నెగీ 1955 నవంబరు 1న చనిపోయేనాటికి 31 భాషల్లో 50 లక్షల ప్రతులు పోయాయి, ఆయన సంస్థలో 4,50,000 మంది కోర్సు పూర్తిచేశారు. పుస్తకం ప్రతులు ఇప్పటికి 3 కోట్లు దాటాయి.

పుస్తకం మీద విమర్శ అప్పుడే వచ్చింది. నోబెల్ అందుకున్న నవలాకారుడు సింక్లెయిర్ లూయిస్, ఎదుటివాడి దగ్గర పని పిండుకోవడం కోసం నవ్వుతూ, తలాడిస్తూ, అతని ఇష్టాల మీద ఆసక్తి ఉన్నట్టు నటించడం నేర్పుతున్నాడని మండిపడ్డాడు. మెచ్చుకోలు మనస్ఫూర్తిగా ఉండాలని కార్నెగీ మళ్లీ మళ్లీ రాసిన మాట నిజమే. కానీ మనస్ఫూర్తిగా మెచ్చుకుంటే వచ్చే లాభం ఏమిటో అదే పేజీలో లెక్క చెప్పడం వల్ల ఆ మాట బలం తగ్గింది. ఈ విషయంలో లూయిస్ మాటలో న్యాయముంది. కార్నెగీ తన ఇంటిపేరు స్పెల్లింగును కోటీశ్వరుడు ఆండ్రూ కార్నెగీ పేరుతో కలిసేలా మార్చుకున్నాడు, ఇద్దరికీ చుట్టరికం లేకపోయినా. అమ్మకం తెలిసిన మనిషి. అదే మనిషి తాను చేసిన తెలివితక్కువ పనులన్నీ రాసి ఒక ఫైలులో దాచుకుని, అప్పుడప్పుడు తీసి చదువుకునేవాడు. ఆయన్ను ఉత్త మాటకారిగా కొట్టిపారేయలేం.

పుస్తకంలోని సూత్రాలు ఉత్తర తెలంగాణ పల్లెలోకి వస్తే ఏమవుతాయో చూడటం ఇంకా ముఖ్యం. పేరు పెట్టి పిలవమన్న సూత్రాన్నే తీసుకుందాం. ఎవరి చెవికైనా తన పేరును మించిన తీపి మాట లేదని కార్నెగీ నమ్మకం. ఇక్కడ పెద్దవాళ్లను పేరు పెట్టి పిలిస్తే అది తప్పు. కాకా, మామా, పెద్దమ్మా, అక్కా అని వరస కలిపి పిలుస్తారు. వరంగల్ బట్టల దుకాణంలో "రా అక్కా, కూసో" అన్న మాట చేసే పనిని పేరు చేయలేదు. సేల్స్ ట్రైనింగ్‌లో నేర్పారని యాభై ఏళ్ల మనిషిని పేరుతో పిలిచే కుర్రాళ్లు ఆ మనిషిని దూరం చేసుకుంటున్నారు.

అయితే ఈ వరసలు అందరికీ ఒక్కతీరుగా దక్కలేదు. ఊరి కింది కులాల మనుషులను తరతరాలుగా ఎల్లిగా, మల్లిగా అని పిలిచిన నేల ఇది. జుట్టు నెరిసిన మనిషిని దొర ఇంటి పిల్లగాడు కూడా అరేయ్ అన్నాడు. ఆ మనిషి మాత్రం బాంచన్ కాల్మొక్త అనాలి. అట్లా పిలిపించుకున్న ఇంటి నుంచి వచ్చిన మనిషిని బ్యాంకు కౌంటర్ దగ్గరో, ఆస్పత్రి చీటీ దగ్గరో పూర్తి పేరుతో, చివర గారు చేర్చి పిలిస్తే ముఖం వెలగడం కళ్లారా చూడొచ్చు. మిస్సోరీలో వ్యాపార చిట్కాగా రాసిన సూత్రం ఇక్కడ గౌరవానికి సంబంధించిన సంగతి అవుతుంది. వ్యక్తిత్వ వికాసం చెప్పేవాళ్లు ఈ తేడా చెబితే ఎంత బాగుండును.

బాగా వినమన్న సూత్రానికి మాత్రం తెలుగులో ఎప్పటి నుంచో సొంత మాట ఉంది, ఊ కొట్టడం. కథ చెప్పే నాయనమ్మ, ఊ కొట్టేవాళ్లు నిద్రపోతే కథ ఆపేస్తుంది. ఒగ్గు కథలో దీన్ని ఒక కళగానే పెంచారు. డోలు, తాళాల నడుమ ప్రధాన కథకుడు ఒక మాట అనగానే పక్కవాళ్లు వంత అందుకుంటారు, మధ్యలో ప్రశ్న అడుగుతారు, ఆశ్చర్యపోతారు. జనగామ జిల్లా మాణిక్యాపురానికి చెందిన చుక్క సత్తయ్య ఆ కళతోనే సంగీత నాటక అకాడమీ గౌరవం దాకా వెళ్లారు. గంటల తరబడి వేలమందిని కూర్చోబెట్టిన ఈ కళాకారులు పుట్టిన జిల్లాల నుంచే, రెండు నిమిషాలు మాట్లాడలేని పిల్లలు కోచింగ్‌కు వస్తున్నారు. పల్లెలో ఉన్న ఈ విద్యను బడి ఎన్నడూ చదువుగా లెక్కించలేదు. పిల్లలు కూడా దాన్ని ఊళ్లో వదిలేసి బస్సెక్కుతున్నారు.

తప్పు పట్టకు, వాదించకు అన్న సూత్రాల దగ్గర మరింత జాగ్రత్త కావాలి. ఇంట్లో, స్నేహంలో, ఒకే గదిలో పనిచేసేవాళ్ల మధ్య అవి చాలా గొడవలను నివారిస్తాయి, నిజమే. కానీ వడ్ల సెంటర్‌లో తాలు పేరు చెప్పి తరుగు తీసినప్పుడు నవ్వి ఊరుకున్న రైతుకు నష్టమే మిగులుతుంది. ఫీజు బాకీ చూపించి సర్టిఫికెట్లు ఆపిన కాలేజీ ముందు వాదించకుండా వెనక్కి తిరిగిన పిల్లకు చదువే పోతుంది. బలం సమానంగా ఉన్నచోట రాసిన సూత్రాన్ని బలం లేనివాళ్లకు అప్పజెబితే అది నోరు మూసుకోమని చెప్పడమే అవుతుంది.

1997–98లో లద్దె పురుగు పడి పత్తి పోయినప్పుడు వరంగల్ జిల్లాలో వందల మంది రైతులు ప్రాణాలు తీసుకున్నారు. నకిలీ మందులు, ఎగబడిన వడ్డీ, మందుల షాపువాడే అప్పిచ్చే పద్ధతి, అన్నీ కలిసి చేసిన పని అది. రైతులకు మనోధైర్యం లేదని అప్పుడూ అన్నవాళ్లున్నారు. కార్నెగీ తండ్రి వంతెన మీద నుంచి దూకకుండా ఇంటికి రావడం వెనక భార్య విశ్వాసం ఉంది, ఆ మాట నిజంగానే విలువైనది. బెంగను ఎట్లా తగ్గించుకోవాలన్న దాని మీద కార్నెగీ 1948లో రాసిన పుస్తకం ఎందరికో రాత్రి నిద్ర పట్టించింది కూడా. అయినా ఆ కుటుంబాన్ని వంతెన దాకా నడిపించింది వరద, రోగం, బ్యాంకు. వాటి గురించి చేయవలసిన పని వేరే ఉంటుంది, అది ఒక్క మనిషి మనసులో జరిగేది కాదు. స్వయం వికాస సాహిత్యం మొత్తంలో పెద్ద లోపం ఇదే, దీన్ని దాచి ఆ పుస్తకాలను పల్లె పిల్లల చేతిలో పెట్టకూడదు.

తెలుగులో ఈ సాహిత్యానికి ఇంటింటా చోటు కల్పించినవాళ్లలో నవలల నుంచి వచ్చిన యండమూరి వీరేంద్రనాథ్, ఇంద్రజాలం, హిప్నాటిజం నుంచి వచ్చిన బి.వి. పట్టాభిరామ్ ముందుంటారు. ఇద్దరూ తెలుగు ఇంటి సంగతులతోనే చెప్పడం వల్ల జనం చదివారు, విన్నారు. కానీ చదివే, వినే అలవాటుతో పాటు లేచి నిలబడే అలవాటు రాలేదు.

కార్నెగీ ప్రభావానికి తరచుగా చెప్పే సాక్ష్యం అమెరికా పెట్టుబడుల కుబేరుడు వారెన్ బఫెట్. కుర్రతనంలో నలుగురి ముందు మాట్లాడాలంటే ఆయనకు వాంతి వచ్చేంత భయం. ఒకసారి కోర్సుకు చెక్కు ఇచ్చి, ధైర్యం చాలక ఆపేశాడు. తర్వాత ఒమాహాలో 100 డాలర్లు నగదు కట్టి చేరాడు. ఆయన ఆఫీసు గోడ మీద కాలేజీ డిగ్రీలు ఉండవు, ఆ కోర్సు సర్టిఫికెట్ ఉంటుంది. ఆయనకు పనికొచ్చింది వారం వారం తనలాంటి భయస్తుల మధ్య లేచి మాట్లాడటమని గమనించాలి. పుస్తకాన్ని ఆయన చిన్నప్పుడే చదివేశాడు.

మరి ఇక్కడి క్లాసులు ఉపన్యాసాలుగా ఎందుకు మారిపోయాయి? సారుల తప్పు కొంతే, డబ్బు కట్టే పద్ధతిది ఎక్కువ. కార్నెగీ విద్యార్థులు వాయిదాల్లో కట్టేవారు, పని జరగడం లేదనిపిస్తే కట్టడం ఆపేసేవారు. ఆయనకు జీతం లేదు, కమీషనే. విద్యార్థికి నోరు రాకపోతే సారుకు తిండి లేదు. మూడేళ్లలో రాత్రికి 30 డాలర్లు సంపాదించాడంటే కారణం అదే. మన దగ్గర కోర్సు మొత్తం ఫీజు ముందే తీసుకుంటారు. ఇంజినీరింగ్ కాలేజీల్లో ప్లేస్‌మెంట్ ట్రైనింగ్ ఫీజులోనే కలిసి ఉంటుంది, ట్రైనర్‌కు రోజు లెక్కన ఇస్తారు. హాలులో ఎంత ఎక్కువమంది కూర్చుంటే అంత మిగులు. రెండు వందల మంది ముందు మైకు పట్టుకున్న మనిషి ఉపన్యాసం తప్ప ఏం చేయగలడు?

లెక్క చాలా చిన్నది. మనిషికి రెండు నిమిషాలు అనుకుంటే ముప్పై మందికి గంట. అరవై మంది బ్యాచ్‌ను రెండుగా విడగొట్టి, సారు చెప్పేది పావుగంటకు కుదించి, మిగిలిన టైమంతా పిల్లలకు వదిలేస్తే చాలు. మొదటి నెల తెలుగులో, ఊళ్లో మాట్లాడే తీరులోనే. రెండో నెల అదే ముచ్చటను ఇంగ్లిష్‌లో. చెప్పేది తన సొంత సంగతి కాబట్టి మాటల కోసం వెతుక్కుంటాడు గానీ, ఏం చెప్పాలో వెతుక్కోడు. ఎవరైనా మాట్లాడుతుంటే మిగతావాళ్లు ఊ కొట్టాలి, నవ్వకూడదు. ఇంకొక్క సంగతి చూసుకోవాలి. పల్లె పిల్లలకు చివరి బస్సు దొరకాలి, కాబట్టి మాట్లాడే వరసలో ముందు పరకాల, ములుగు బస్సుల వాళ్లను లేపాలి, హాస్టల్లో ఉండేవాళ్లు తర్వాత.